నాలుగో వరుసలో పేరు

బాన్సువాడ చుట్టుపక్కల ఆశన్న అంటే హద్దు తప్పని మనిషి. సర్కారు సర్వేయరు వచ్చి కొలిచిపోయాక కూడా, "ఆశన్న ఒక్కసారి గొలుసు పట్టాలె, అప్పుడే ఒప్పుకుంటం" అనే రైతులు ఇప్పటికీ ఉన్నారు. బీర్కూర్ నుంచి జుక్కల్ దాకా అన్నదమ్ములు గట్టు దగ్గర గొడ్డళ్ళు పట్టుకున్న చోటల్లా ఆయన వెళ్ళి, కొలిచి, రాయి పాతించి, ఇద్దరి చేతా ఒకే చెంబులో నీళ్ళు తాగించి వచ్చాడు. అరవై తొమ్మిదేళ్ళ వయసులో అటువంటి మనిషికి సన్మానం చేస్తామని హైదరాబాదు వాళ్ళు వస్తే ఊరు సంతోషించక ఏం చేస్తుంది? ఊరంతా సంతోషించింది. సంతోషం లేనిది ఒక్క ఆశన్నకే.

వచ్చినామె పేరు సుచరిత. ముప్పై ఏళ్ళుంటాయి. బొమ్మలగుట్ట సొసైటీ పంపితే వచ్చింది. హైదరాబాదుకు పడమట ఉన్న బొమ్మలగుట్ట ఇవాళ సినిమావాళ్ళ ఊరు. స్టూడియోలు, డబ్బింగు గదులు, లైట్లు మోసేవాళ్ళ క్వార్టర్ల నుంచి హీరోల బంగళాల దాకా అన్నీ అక్కడే. నలభై ఏళ్ళ కింద అది నక్కలు తిరిగే రాళ్ళగుట్ట. ఆ నలభై ఏళ్ళ పండుగకు సొసైటీ ఒక పుస్తకం వేస్తోంది. రాసేది సుచరిత.

సొసైటీ ఆఫీసు ముందు ఒక శిలాఫలకం ఉంది. దాని మీద ఏడు పేర్లు. ఆరుగురి గురించి కావలసినంత దొరికింది. ఫొటోలున్నాయి, వీధుల పేర్లున్నాయి, ఒకాయనకు విగ్రహం కూడా ఉంది. నాలుగో వరుస దగ్గర మాత్రం ఆమె ఆగిపోయింది. 'భూమి అభివృద్ధి: ఆశన్న, బాన్సువాడ' అని ఉందక్కడ. ఈ ఆశన్న ఎవరో బొమ్మలగుట్టలో ఒక్కరికీ తెలియదు. పట్టు వదలని పిల్ల కాబట్టి బస్సెక్కి బాన్సువాడ వచ్చి, బస్టాండులో అడిగి, ఇల్లు పట్టుకుంది.

"అందరూ మర్చిపోయిన మనిషి సార్ మీరు. ఆ గుట్టను ఊరు చేసిందే మీరు. మీ పేరు మీద ఒక సందు కూడా లేదక్కడ. నాకైతే సిగ్గేసింది" అంది సుచరిత.

ఆశన్న భార్య గంగవ్వ చాయ్ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. "నలభై ఏండ్ల సంది నాకు సుత చెప్పలే సూడు బిడ్డా! గింత పని చేసినోడు కడుపుల పెట్టుకొని కూసున్నడు" అని మురిసిపోయింది.

"అదంతా పాత ముచ్చట" అన్నాడు ఆశన్న. తేలు కుట్టిన దొంగలా తలొంచుకున్నాడు. ఆ తలొంపును వాళ్ళిద్దరూ పెద్దమనిషి అణకువ అనుకున్నారు. లోకం తీరే అంత. ఒకసారి మంచివాడని పేరు పడ్డాక మనిషి దొంగచూపులు చూసినా వినయంగానే కనిపిస్తాయి.

ఆమె అడిగినవన్నీ చెప్పాడు. గుట్ట మీద రోడ్లు ఎందుకంత వంకర తిరిగాయో చెప్పాడు. పెద్ద బండలను పేల్చకుండా వాటి చుట్టూ దారి తీశారని, "రాయి కదలనంటే దారే కదలాలె" అనేది అక్కడ మాట అని చెప్పాడు. పదకొండు బోర్లు వేస్తే తొమ్మిది ఎండిపోయాయని, నీళ్ళ ట్యాంకరు వస్తే ముందు కూలీల గుడిసెలకు, తర్వాతే హీరోల ఇళ్ళకు వదిలేవాళ్ళని చెప్పాడు. మద్రాసు నుంచి పెట్టెలు సర్దుకుని వచ్చిన లైట్‌మెన్లకు, మేకప్ వాళ్ళకు మొదటి ప్లాట్లు ఇచ్చారని చెప్పాడు. ప్రతి మాటా నిజమే. ఆ ప్రతి పనీ చేసినవాడు మాత్రం కాసిం. ఆ పేరొక్కటే ఆశన్న నోటినుంచి రాలేదు.

సుచరిత కళ్ళు తుడుచుకుని లేచింది. ఆదివారం బాన్సువాడలోనే ఫంక్షన్ హాల్లో సన్మానం, సోమవారం పుస్తకం అచ్చుకు, అని చెప్పి వెళ్ళిపోయింది.

కాసింది బాన్సువాడే. పెద్ద చదువు లేదు. ఉర్దూ బాగా వచ్చు, తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. ఇరవై ఏళ్ళకే పట్నం పోయి రాళ్ళ కాంట్రాక్టులు చేస్తూ, ఎవడూ కన్నెత్తి చూడని ఆ గుట్టను గొర్రెలవాళ్ళ దగ్గర కొన్నాడు. "బండలు కొని వండుకుతింటవా?" అని పట్నంలో నవ్వారంతా. సినిమావాళ్ళు మద్రాసు వదిలి వస్తారని, వచ్చినవాళ్ళకు చోటు కావాలని ఆయనకెలా తోచిందో ఎవరికీ తెలియదు. ఆరేళ్ళు భార్య రహీమున్నిసాతో ఆ గుట్ట మీద రేకుల షెడ్డులో కాపురం పెట్టి ఊరిని లేపాడు. తన ఊరివాడని గొలుసు పట్టడానికి ఆశన్నను తీసుకెళ్ళాడు. గొలుసు పట్టడమే కాదు, హద్దు చదవడం, నేల చూడడం, మనుషులతో మాట్లాడడం, అన్నీ ఆశన్నకు నేర్పినవాడు ఆయనే.

కాసింకు ఒక పట్టుదల ఉండేది. బాన్సువాడ పల్లెల్లో హద్దురాయి పాతేటప్పుడు గుంతలో ముందు గుప్పెడు బొగ్గులు, నాలుగు కుండపెంకులు వేస్తారు. రాయిని ఎవడైనా రాత్రికి రాత్రి జరిపినా, బొగ్గు కుళ్ళదు, అక్కడే ఉండి సాక్ష్యం చెబుతుంది. పట్నంలో ఈ చాదస్తం ఎవరికి కావాలి? ఒకనాడు తొందరలో ఆశన్న నలభై రాళ్ళు బొగ్గు లేకుండా పాతించాడు. కాసింకు తెలిసిపోయింది. కూలీలందరినీ నిలబెట్టి, నలభై రాళ్ళనూ ఆశన్న చేతనే పెకిలించి, మళ్ళీ ఆశన్న చేతనే పాతించాడు. "సాక్ష్యం లేని రాయి పాతెటోడు రేపు మనిషిని సుత ముంచుతడు" అన్నాడు. కూలి ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. ఇరవై తొమ్మిదేళ్ళ ఆశన్నకు, అందులోనూ నెల కింద పెళ్ళయిన ఆశన్నకు, ఆ నవ్వులు గుండెలో గుచ్చుకున్నాయి.

సరిగ్గా రెండు నెలలకు శిలాఫలకం పని వచ్చింది. సొసైటీ కార్యదర్శి ఏడు పేర్లు గిలికిన కాగితం ఇచ్చి, "నీ దస్తూరి ముత్యాల్లా ఉంటుంది, సాపు రాసి శిల్పికి ఇచ్చిరా" అన్నాడు. నాలుగో వరుసలో 'కాసిం, బాన్సువాడ' అని ఉంది. ఆ వారం కాసిం ఊళ్ళో లేడు, తల్లి పోతే బాన్సువాడ వెళ్ళాడు. ఆశన్న సాపు రాస్తూ రాస్తూ నాలుగో వరుస దగ్గర ఆగి, తన పేరు రాశాడు. ఊరి పేరు మార్చే పని కూడా లేకపోయింది. ఇద్దరిదీ ఒకటే ఊరు మరి.

దిద్దుకుందామనే అనుకున్నాడు. ఆ కోపం మూడు రోజుల్లో చల్లారింది కూడా. పోయి చూసేసరికి శిల్పి ఐదో వరుస చెక్కుతున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? కార్యదర్శి అడగలేదు. పదహారో రోజున కాసిం వచ్చి, ఆశన్న పక్కనే నిలబడి, ఫలకం మీద ఒక్కొక్క అక్షరం వేలితో తడుముతూ చదివాడు. నాలుగో వరుస దగ్గర వేలు కాసేపు ఆగింది. "అక్షరాలు మంచిగ చెక్కిండు. పా, చాయ్ తాగుదం" అన్నాడంతే.

ఆ ఒక్క మాట పట్టుకుని ఆశన్న నలభై ఏళ్ళు బతికాడు. కాసింకు తెలుగు సరిగ్గా రాదు, చదివి ఉండడు, అని తనకు తాను చెప్పుకున్నాడు. చెప్పుకున్నప్పుడల్లా అది అబద్ధమని తెలుసు. గుట్ట మీద వ్యాపారంలో కలిసిన భాగస్వాములు తనను తప్పించాక కాసిం బాన్సువాడ తిరిగొచ్చి, బయట ఎవరి దగ్గరా గుట్ట ఊసెత్తకుండా, చౌరస్తాలో కంచెలకు వేసే రాతి కడీలు అమ్ముకుంటూ బతికాడు. ఆశన్న కూడా ఊరికే వచ్చి కొలతల పనిలో పడి, రోజూ ఆ దుకాణంలో కూర్చునేవాడు. ఒకరి పండుగకు ఒకరు, ఒకరి జ్వరానికి ఒకరు. ఈసారి రంజాను నెలలో కాసిం పోతే జనాజాకు భుజం పట్టాడు, మూడు గుప్పిళ్ళ మట్టి వేశాడు. మట్టి వేస్తున్నప్పుడు కూడా చెబుదామనుకున్నాడు. వినేవాడు అప్పటికే వెళ్ళిపోయాడు.

శుక్రవారం పొద్దున చౌరస్తాలో ఫ్లెక్సీ లేచింది. ఆశన్న ఫొటో మనిషంత ఎత్తుంది. కింద 'బొమ్మలగుట్ట నిర్మాత, మన బాన్సువాడ ముద్దుబిడ్డ' అని ఎర్ర అక్షరాలు. కట్టినవాళ్ళకు వేరే చోటు దొరకలేదు కాబోలు, సరిగ్గా కాసిం దుకాణం ఎదురుగా కట్టారు. దుకాణం వెనకే ఇల్లు. తలుపు తీస్తే చాలు, రహీమున్నిసా కళ్ళకు మొదట కనిపించేది అదే.

కూరగాయల సంచీతో చౌరస్తాలో నిలబడి ఆశన్న తన మొహాన్ని తానే చూసుకున్నాడు. ఇన్నాళ్ళూ ఆమె ఇద్దత్‌లో ఉంది, భర్త పోయాక నాలుగు నెలల పది రోజులు పరాయి మగవాడు పలకరించకూడదని, ఆ సాకుతో తప్పించుకున్నాడు. ఆ గడువు మొన్ననే తీరింది. ఇంక సాకులేవీ మిగల్లేదు.

రహీమున్నిసా వరండాలో చాట ముందు పెట్టుకుని కందిపప్పులో రాళ్ళు ఏరుతోంది. డెబ్బై దాటిన మనిషి. ఆమెను ఆశన్న నలభై ఏళ్ళుగా భాభీ అనే పిలుస్తాడు.

"రా ఆశన్నా, కూసో. చౌరస్తాల పెద్ద ఫొటో వెట్టిన్రు. చూసిన. మంచిగనే వచ్చింది" అంది. మాటలో ఎత్తిపొడుపు లేదు. అదే ఆశన్నకు ఇంకా కష్టంగా తోచింది.

కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. "భాభీ, గా రాయి మీద ఉండాల్సింది కాసిం భాయ్ పేరు. నాకిచ్చిన కాగితంల గదే ఉండె. నేనే కొట్టేసి నా పేరు రాసిన. భాయ్ నన్ను కూలోళ్ళ ముంగట నవ్వులపాలు చేసిండని కోపం. గంతే. గంత చిన్న కోపానికి గంత పెద్ద పని చేసిన."

ఆమె చేతులు పప్పులో ఆగిపోయాయి. కోపం వస్తుందనుకున్నాడు. రాలేదు. ఏదో అర్థంకానట్టు చూసింది.

"నువ్వు మార్చినవా? గదెట్ల? ఆయన రాయమంటెనే గదా నువ్వు రాసింది?"

"ఎవలన్నరు భాభీ?"

"ఆయనే."

ఆశన్న పక్కనున్న కడీ మీద కూలబడ్డాడు.

ఆమె మెల్లగా, ఒక్కొక్క మాటే కూడదీసుకున్నట్టు చెప్పింది. "రాయి చూసొచ్చిన దినం అడిగిన, మన పేరు ఎన్నో వరుసల ఉన్నదని. మన పేరు లేదు, నేనే వద్దన్న, ఆశన్నది రాయమన్న, పోరడు మస్తు కష్టపడ్డడు, అన్నడు. సెక్రటరీకి సుత గదే చెప్పిండట. నాకు కోపం నెత్తికెక్కింది. నీకు యాదికుందా ఆశన్నా, గా గుట్ట మీద నా బిడ్డ పోయింది? పదకొండు దినాల బిడ్డ. ఆడనే మట్టి చేసొచ్చినం. గా ఊర్ల నా బిడ్డ ఉన్నది, ఆడ మా పేరు ఒక్కటుంటే సాలనుకున్న. దాన్ని ఈయన మిఠాయి పంచినట్టు పంచిండని తిట్టిన. ఒక్కనాడా? నలభై ఏండ్లు తిట్టిన. ఏ ముచ్చట మీద కొట్లాట వెట్టుకున్నా ఆడికే వచ్చేది. నీకు పెండ్లాం పిల్లలకన్న పరాయోడు ఎక్కువ అని. ఒక్కసారన్న మాట తిప్పలే. ఒక్కసారన్న నువ్వు మార్చినవని చెప్పలే."

"ఎందుకు చెప్పలే భాభీ?" అని అడిగాడు ఆశన్న.

"ఎందుకేంది? నేనెట్లాంటిదాన్నో ఆయనకెర్కలేదా? చెప్తె నీ ఇంటి మీదికి ఉరికి గాయి గాయి చేద్దును. గంగవ్వ అప్పుడే కొత్తగొచ్చింది. పేర్లు దొంగిలిచ్చెటోనికి గొలుసు పట్టే పని ఎవలిస్తరు? నీ అన్నంల మన్ను వడ్తదని ఊకున్నడు."

హద్దు తప్పని మనిషి అని ఆశన్నకు ఉన్న పేరు కూడా కాసిం పెట్టిన భిక్షే. ఆ సంగతి ఆశన్నకు ఆ క్షణాన తెలిసింది. ఏడుద్దామంటే సిగ్గేసింది. ఏడవడానికి కూడా ఒక అర్హత ఉండాలి కదా.

జేబులోంచి ఫోను తీసి, ఆమె ముందే సుచరితకు చేశాడు. "బిడ్డా, గా నాలుగో పేరు నాది గాదు. కాసిం అని, మా ఊరాయనది. నేను దొంగతనంగ నా పేరు రాసిన. నీకు చెప్పిన పనులన్నీ ఆయన చేసినయే."

"సార్, మీ వినయం నాకు తెలుసు, కానీ..."

"వినయం గాదమ్మా. దొంగతనం."

"కార్డులు కూడా పంచేశాం సార్. కమిటీ ఆధారం అడుగుతుంది" అంది సుచరిత.

"దొంగే ఒప్పుకుంటుండు. ఇంకేం ఆధారం గావాలె? ఆదివారం మీరు స్టేజీ ఏస్తె ఎయ్యిండ్రి, ఆడ సుత గిదే చెప్త."

"పుస్తకంలో మారుస్తాను సార్. అది నా చేతిలో పని. రాయి సంగతి మాత్రం నేను చెప్పలేను" అంది సుచరిత. కాసిం ఫొటో ఉంటే పంపమని అడిగి పెట్టేసింది.

ఆశన్న ఫోను జేబులో పెట్టుకుని రహీమున్నిసా వైపు చూశాడు. ఆమె ఏదో ఒక మాట అంటుందని, తిట్టయినా సరే, దానితో తన గుండె బరువు కాస్త దిగుతుందని ఆశపడ్డాడు. మనిషికి ఆశ చావదు, తప్పు చేసినవాడికి మరీ చావదు.

"నీ పేరు నువ్వు దించుకున్నవు. మంచిది" అంది ఆమె. "నా మాట నేనెట్ల దించుకోవాలె?"

ఆశన్నకు అర్థం కాలేదు.

"ఇంట్లకెళ్ళి ఆయన మయ్యత్ లేపే ముందు మా ఆడోళ్ళు వచ్చిన్రు. నికా నాడు ఆయన ఇస్తనన్న మెహర్ సొమ్ము మాఫ్ చెయ్యమన్నరు. చేసిన. కహాసునా, ఒకలనొకలు అనుకున్న మాటలన్నీ, మాఫ్ చెయ్యమన్నరు. అన్నీ మాఫ్, గా రాయి ముచ్చట తప్ప, అన్న. అందరి ముంగట అన్న ఆశన్నా. ఆయన మొఖం మీద తెల్లబట్ట కప్పలే ఇంకా. నా కోడలు షాహీన్ నా నోరు మూసింది. అయినా అన్న." కందిపప్పు మీద కన్నీళ్ళు పడుతుంటే ఆమె చాటను పక్కకు జరిపింది. "గా మాటతోటే తోలిన ఆయనను. ఏ తప్పు చెయ్యనోన్ని. నాలుగు నెలల ముందు నువ్వు నోరు తెరిస్తె ఏం పోయేది? నలభై ఏండ్లు ఆగినోనివి, ఆయన పోయినంక ఇప్పుడు తెరిచినవా?"

ఆశన్న ఆమె కాళ్ళ మీద పడబోయాడు. "నక్కో" అని ఆమె కాళ్ళు వెనక్కి తీసుకుంది. "నాకు మొక్కితె నాదేం తీర్తది? మా ఆడోళ్ళు కబ్రస్తాన్‌కు పోరు. లేకుంటె నేనే పోదును. కొడుకును పంపుదునా? అమ్మ అన్న మాట వానికి మళ్ళ యాది చేసుడు నాతోటి గాదు. నువ్వే పో."

"పోత భాభీ."

"పోయి, నేను పంపిన్నని చెప్పు. గా ముచ్చట సుత మాఫ్ అన్నదని చెప్పు. నలభై ఏండ్లు తిట్టినందుకు నన్నే మాఫ్ చెయ్యమన్నదని చెప్పు. ఇంకో మాట. ఆడ నీ ఏడుపు ఏడ్వకు. నీ మాఫీ నువ్వు ఇంకోనాడు అడుక్కో. ఇయ్యాల నా మాట తీస్కపోతున్నవు. నాదే చెప్పి రా."

తల మీద రుమాలు కట్టుకుని ఆశన్న బయల్దేరాడు. కబ్రస్తాన్ ఊరి చివర, నాట్లు పడుతున్న పొలాలను ఆనుకుని ఉంది. సన్నగా తుంపర పడుతోంది. సమాధులు కట్టించినవాళ్ళవి కొన్ని ఉన్నాయి, కాసింది మట్టి కుప్ప. వానకు సగం కుంగి, మీద గడ్డి మొలిచింది. పేరు రాసిన పలక ఏదీ లేదు. మట్టి వేసిన చోటు కాబట్టి ఆశన్నకు గుర్తుంది.

చెప్పులు విడిచి, కాళ్ళవైపు నిలబడ్డాడు. "భాయ్" అన్నాడు. రుమాలు సర్దుకున్నాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. "భాయ్, భాభీ పంపింది. గా రాయి ముచ్చట సుత మాఫ్ అన్నది. నలభై ఏండ్లు ఊకనే తిట్టిందట. ఆమెను నువ్వే మాఫ్ చెయ్యాలెనట."

చెప్పవలసింది అయిపోయింది. తన మాట గొంతుదాకా వచ్చి నిలబడింది. దాన్ని ఒక్కసారి బయటికి అనేస్తే చాలు, ప్రాణం తేలికపడేది. పొలంలో నాటువేసే ఆడవాళ్ళు తలెత్తి, కబ్రస్తాన్‌లో ఈ ముసలాయనకేం పని అన్నట్టు చూశారు. ఆశన్న పెదవులు బిగపట్టుకుని, అలాగే తడుస్తూ కాసేపు నిలబడి, చెప్పులు చేత్తో పట్టుకుని వెనక్కి తిరిగాడు. ఆ రోజు వంతు ఆమెది.